బొటనవేలంత బట్ట

"కావాలనే దాచిపెట్టావు. అవునా, కాదా? ఆ ఒక్క ముక్కా చెప్పు!"

అత్తగారి కేకకి వెనక గదిలో నడుస్తున్న కుట్టుమిషన్లు రెండూ ఒక్కసారే ఆగిపోయాయి. ఆదివారం సెలవు కూడా లేకుండా పిలిపించిన ఇద్దరు పనివాళ్లూ సూదిలోంచి దారం ఊడిపోయినట్టు తలలు వంచేసుకున్నారు. గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూచున్న కాజాలావిడ మాత్రం తల వంచలేదు. గుండీలకి కాజాలు కుట్టడం ఆవిడ పని, కళ్లారా చూడడం ఆవిడ హక్కు.

పెద్దకోడలు కటింగ్ బల్ల మీది బూడిదరంగు గుట్టలనే చూస్తూ నిలబడింది. హోటల్ వాళ్లు పంపిన బట్ట అది. అరవై యూనిఫారం కోట్లకి సరిపడా ముక్కలు. ముందు భాగాలు ఒక దొంతర, వీపులు ఒక దొంతర, చేతులు, కాలర్లు వేరు వేరు దొంతర్లు. చూడడానికి ఎంతో పద్ధతిగా ఉన్నాయి. మనిషి ఒంటికి పట్టే ముక్క మాత్రం వాటిలో ఒక్కటీ లేదు.

వాటిలోంచి కుట్టిన మొదటి కోటుని నిన్న సాయంత్రం హోటల్ గేటు దగ్గర నిలబడే దర్వాను వచ్చి తొడుక్కుని చూశాడు. చేతులు మణికట్టు దాకా రాకుండానే ఆగిపోయాయి. గుండీ పెట్టబోతే వీపు కుట్టు పటపటమంది. వాడు నవ్వబోయి, దుకాణం యజమాని పెద్ద మాస్టారి మొహం చూసి ఆ నవ్వు మింగేశాడు. హోటల్‌కి వెళ్లాక మింగినట్టు లేదు. గంట తిరక్కుండా మేనేజరు ఫోను చేసి, మా బట్టని ఏం చేశారో చూడ్డానికి రేపు నేనే వస్తున్నానన్నాడు.

"నేనేమీ దాచలేదు అత్తయ్యా. నన్నెవరూ అడగలేదు," అంది పెద్దకోడలు.

"అడగలేదట! అడిగితే గానీ చెప్పవా? నువ్వేమన్నా కోర్టులో సాక్షివా?"

"గురువారం నుంచీ ఈ ఇంట్లో నాతో మాట్లాడిన మనిషి లేడు. ఏ మాటల మధ్యలో చెప్పమంటారు?"

మరిది బల్లకి అటు చివర నిలబడి ఫోను తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఇంట్లోవాళ్లు చిన్నోడంటారు. ముప్పై దాటినా ఆ పేరు వదల్లేదు, దాంతో వచ్చే ముద్దూ వదల్లేదు. మెరిసే బూట్లేసుకుని హోటళ్లూ ఆస్పత్రులూ తిరిగి యూనిఫారాల ఆర్డర్లు తేవడం అతని పని. మొన్న శుక్రవారం దాకా కత్తెర చేత్తో పట్టి ఎరగడు.

"గోడకి తగిలించిన అట్ట అచ్చులు నువ్వు వాడేవే కదా వదినా. అచ్చు పరిచాను, దాని అంచు వెంటే కత్తిరించాను. వెంట్రుకవాసి తేడా లేదు. అచ్చే తప్పయితే నేనేం చేస్తాను?"

"అచ్చు తప్పు కాదు. దాని చుట్టూ బొటనవేలంత వదిలి సుద్దగీత గియ్యాలి. ఆ గీత మీద కత్తిరించాలి."

"ఆ సంగతి అచ్చు మీద రాసి ఉందా?"

"లేదు. రాయొద్దన్నది మామయ్యగారే."

అందరూ పెద్ద మాస్టారి వైపు తిరిగారు. ఆయన గల్లాపెట్టె వెనక కుర్చీలో కూచుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. తుడిచినవే తుడుస్తున్నాడు.

ముప్పై ఏళ్ల కిందట ఆ పద్ధతి పెట్టింది ఆయనే. జీతానికి వచ్చినవాళ్లు పని నేర్చుకుని, ఒక మంచిరోజు గోడమీది అచ్చులు చంకలో పెట్టుకుని పక్కవీధిలో దుకాణం తెరుస్తారని ఆయన భయం. అందుకని అచ్చుల్ని సరిగ్గా ఒంటి కొలతకే కోయించాడు. కుట్టులోకి పోయే బట్ట లెక్క వాటిలో లేదు. ఎత్తుకుపోయినవాడు అంచు వెంట కత్తిరించి మొదటి కోటుతోనే నవ్వులపాలవ్వాలని ఆయన ఎత్తు. ముప్పై ఏళ్లలో ఒక్క దొంగా రాలేదు. ఆ ఉచ్చులో పడడానికి చివరికి కన్నకొడుకే దొరికాడు.

"నువ్వు చెప్పలేదా వాడికి?" అని అత్తగారు భర్తని అడిగింది, ఈసారి గొంతు తగ్గించి.

"వాడు కటింగ్ చేస్తాడని నేను కలగన్నానా?" అన్నాడాయన. "కత్తెర పట్టాల్సిన మనిషి కత్తెర మేక్కి తగిలించేసి వంటింట్లో కూచుంటే నేనేం చెయ్యను?"

తిరిగి తిరిగి నేరం మొదటి చోటికే వచ్చింది. అది ఎటు తిరుగుతుందో పెద్దకోడలికి ముందే తెలుసు.

గురువారం ఆమె అడిగింది ఒక్క కాగితం. ఊరి చివరనున్న రెడీమేడ్ బట్టల కంపెనీలో కటింగ్ మాస్టరు పని ఖాళీ ఉందని కాజాలావిడ చెబితే, ఆవిడ దగ్గరే బస్సు ఛార్జీలు బదులు తీసుకుని వెళ్లింది. అక్కడి ఇన్‌ఛార్జి ఒక ఆడమనిషి. బట్టిచ్చి కత్తిరించమంది. కత్తిరించాక అంచు వెంట వేలు పెట్టి నడిపి, "ఎక్కడ నేర్చుకున్నారు?" అనడిగింది. అంతే, ఉద్యోగం వచ్చినట్టే. ఒకటే అడ్డు. ఇన్నాళ్లూ ఎక్కడ పనిచేసిందో, ఎన్నేళ్లు చేసిందో ఆ దుకాణం వాళ్లు రాసిచ్చిన కాగితం కావాలి. సోమవారం ఉదయం తొమ్మిదింటికి కాగితంతో వస్తే బల్ల ఆమెది. రాకపోతే వెనక ఇంకొకరున్నారు.

సోమవారమంటే రేపే.

"నా దుకాణంలో ఆడది కత్తెర పట్టిందని నా చేత్తో నేను రాసివ్వాలా?" అని ఆ రోజు పెద్ద మాస్టారు ఒంటికాలి మీద లేచాడు. "నలభై ఏళ్ల పేరు మంటగలపమంటావా?"

ఆడది కత్తెర పట్టి తొమ్మిదేళ్లయింది. పెద్దకొడుక్కి, అంటే ఆమె భర్తకి, చేతుల వణుకు మొదలైన ఏడాది నుంచీ. వచ్చినవాళ్లకి కొలతలు తీసుకునేది ఆయనే, "మాస్టరు గారూ" అనిపించుకునేదీ ఆయనే. తెర వెనక బట్ట పరిచి కత్తిరించేది ఈమె. కాలరు ఎంత చక్కగా కూచుందో అని ఎవరన్నా మెచ్చుకుంటే ఆయన మొహమాటంగా నవ్వేవాడు. ఆ నవ్వు తెర వెనక్కి వినిపించేది.

శనివారం సాయంత్రాలు మిషను పనివాళ్లకీ కాజాలావిడకీ కూలి చేతిలో పడుతుంది. ఈమెకి పడదు, ఇంటి మనిషి కాబట్టి. ఇంటి మనిషి తలనొప్పి మాత్ర కావాలన్నా గల్లాపెట్టె ముందు నిలబడి, ఎందుకో ఏమిటో చెప్పుకుని తీసుకోవాలి.

"నేను ముప్పై ఏళ్లు ఈ గదిలో హెమ్మింగులు చేశాను," అంది అత్తగారు, ఎవరితోనూ కాదన్నట్టు. "వేళ్లు చూడు, ఎలా వంకర తిరిగాయో. నేనడిగానా కాగితం?"

"అడగాల్సింది అత్తయ్యా," అంది పెద్దకోడలు.

ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. అయినా అత్తగారికి చెంప మీద కొట్టినట్టే తగిలింది. గుండీల డబ్బా తీసుకుని అనవసరంగా ఏరడం మొదలుపెట్టింది.

పెద్ద మాస్టారు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "జరిగిందేదో జరిగింది. దీనికి దారేదన్నా ఉందా లేదా, అది చెప్పు."

పెద్దకోడలు ఒక ముందు భాగం తీసి వెలుతురుకి పట్టింది. వీపు ముక్కని దానికి ఆనించి చూసింది. చేతి ముక్కని తన చేతి మీద పరుచుకుని చూసింది. నాలుగు రోజులుగా బట్ట ముట్టుకోలేదేమో, ఆ ముతక బూడిదరంగు నేత వేళ్లకి తగిలేసరికి కోపం మీద కోపం వచ్చింది. ఇంత మంచి బట్ట! ఎవడి పెద్దరికానికో పాడైపోయింది.

"ఉంది," అంది. "చంక కింద నుంచి అంచు దాకా రెండు పక్కలా నల్లపట్టీ వేద్దాం. చేతి కింది కుట్టు వెంట ఇంకోటి, చివర నల్ల కఫ్. కావాలని పెట్టిన డిజైన్లా ఉంటుంది. పదో పన్నెండో పోతాయి. మిగతావి బతుకుతాయి."

గదిలో అందరికీ ఒక్కసారి ఊపిరి అందింది. చిన్నోడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నేను చెప్పలా నాన్నా, వదిన చూస్తే ఏదో ఒకటి చేస్తుందని!" అన్నాడు, నిజంగానే చెప్పినట్టు.

"చేస్తాను," అంది పెద్దకోడలు. "కాగితం ఇవ్వండి."

"ముందు పని కానీ."

"ముందు కాగితం మామయ్యగారూ."

"నాకే షరతులా?"

"మేనేజరు వచ్చే లోపల ఒక కోటన్నా తయారై చూపించాలి. ఇప్పుడు మొదలుపెడితే మధ్యాహ్నానికి అవుతుంది. మీరు ఎంతసేపు ఆలోచిస్తే అంత ఆలస్యం."

ఇంత మాట ఎలా అనగలిగిందో ఆమెకే తెలియలేదు. మామగారు ఆమెనీ, బల్లమీది గుట్టల్నీ, గుమ్మం దగ్గర చెవులు రిక్కించి కూచున్న కాజాలావిడనీ చూశాడు. సొరుగు లాగాడు. దుకాణం పేరు అచ్చువేసిన కాగితాల బొత్తి బయటికి తీశాడు.

"రాస్తాను. నువ్వు పని చూడు."

ఆమె మేకు మీది కత్తెర తీసింది.

*

నల్లబట్ట పాత ఆర్డర్ల మిగులులో దొరికింది. పట్టీలు గీసి కత్తిరించడం మొదలుపెట్టేసరికి భర్త వచ్చి పక్కన నిలబడ్డాడు. టేపు ఎప్పట్లాగే మెడలో వేసుకుని ఉన్నాడు. చేతులు కనబడకుండా వెనక్కి కట్టుకోవడం ఆయనకి అలవాటైపోయింది.

పొద్దుట్నుంచీ ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. నిన్న కోటు పట్టనప్పుడూ మాట్లాడలేదు. గురువారం తండ్రి కేకలేసినప్పుడు కొలతల పుస్తకంలో తలదూర్చేశాడు. మంచివాడు, పెళ్లాం మీద చెయ్యెత్తి ఎరగడు అని వీధిలో చెప్పుకుంటారు. తాగడు, తిట్టడు, నోట్లో నాలుక లేదంటారు. ఆ నోట్లో నాలుక లేకపోవడం ఎవరికి ఎంత ఖర్చవుతోందో వీధిలోవాళ్లకి పట్టదు.

"శుక్రవారం మీరిక్కడే ఉన్నారు కదా?" అంది ఆమె, కత్తెర ఆపకుండా.

"ముందు గదిలో ఉన్నాను."

"రోజంతానా?"

ఆయన వెలుతురు కోసం కిటికీ తలుపు కాస్త తోశాడు. అది ముందే తెరిచి ఉంది.

"సగం కత్తిరించాక వచ్చి చూశాను," అన్నాడు చివరికి.

కత్తెర ఆగింది.

"చూసి?"

ఆయన మళ్లీ కిటికీ వైపు చూశాడు.

"చూసి ఏం చేశారండీ?"

"వాడు మంచి ఊపు మీదున్నాడు. నాన్న పక్కనే కూచుని మురిసిపోతున్నాడు. నా చిన్నకొడుకు అన్నీ చేయగలడు అని కాజాలావిడతో అంటున్నాడు. మధ్యలో నేనెళ్లి తప్పంటే..."

"అంటే?"

"అయితే నువ్వు చెయ్యరా అని కత్తెర నా చేతికిచ్చేవాడు."

ఆమె కత్తెర బల్లమీద పెట్టి ఆయన వైపు చూసింది. ఆయన కళ్లెత్తలేదు. కోప్పడదామనుకుంది. తిట్టడానికి నోటిదాకా వచ్చిన మాటలు వెనక్కి కట్టుకున్న ఆ చేతుల్ని చూశాక రాలేదు. ఈ జాలే తన కొంప ముంచింది అనుకుంది. తొమ్మిదేళ్ల కిందట ఒక పెళ్లి కోటు పాడు చేసుకుని ఈయన ఇదే బల్ల కింద కూచుని ఏడిస్తే, "నేను కత్తిరిస్తాను, మీరు చెప్పండి" అంది. ఆ రోజు జాలిపడకుండా ఉంటే ఈ రోజుకి ఏమయ్యేదో.

"మామయ్యగారు నిజంగానే రాస్తున్నారా?" అంది.

ఆయన తెర సందులోంచి ముందు గదిలోకి చూశాడు. "రాస్తున్నాడు. ఒకటి రాసి చింపేశాడు. ఇప్పుడు రెండోది."

"రేపు నేను వెళ్తే మీకు కష్టమవుతుంది."

"అవుతుంది."

"వద్దంటారా?"

ఆయన టేపు కొసని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు.

"నేనేమంటాను," అన్నాడు. "నువ్వెళ్తే నాకు భయం. అంతే."

ఇన్నేళ్ల కాపురంలో ఆయన చెప్పిన అతి పెద్ద మాట అదేనేమో. ఆమె, సాయంత్రాలు వచ్చి కత్తిరించి పెడతానులే అందామనుకుంది. అనలేదు. అంటే ఆ మాట పట్టుకునే జీవితాంతం వేలాడతారని తెలుసు.

కాజాలావిడ గుండీలిచ్చే వంకతో తెర తోసుకుని వచ్చింది. "మీ మామగారు ముద్ర కూడా వేస్తున్నాడమ్మాయ్. నల్ల సిరా ముద్ర. నా కళ్లతో చూశాను," అని చెవిలో చెప్పింది. "రేపు మొదటి బస్సుకి నేనూ వస్తాను, గేటు దాకా దిగబెడతాను."

"మీ పనో?"

"ఒక పూట కూలి పోతే నా కొంప కూలిపోదులే."

పెద్దకోడలికి నవ్వొచ్చింది. నాలుగు రోజుల తరవాత నవ్వడం. ముద్ర కూడా వేశాడంటే ఇక మాట తప్పడు. ఆమె మిషను పనివాడిని లేపి తనే కూచుని పట్టీలు అతికింది, కఫ్ తిప్పింది, ఇస్త్రీ పెట్టింది. ఒంటిగంట కాకుండానే కోటు హాంగరుకి వేలాడింది. బూడిదరంగు మీద నల్లపట్టీలు. పాత నమూనా కంటే ఇదే బాగుందని మిషను పనివాళ్లిద్దరూ ఒప్పుకున్నారు.

ఆమె కోటు పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది.

మేనేజరు అప్పటికే వచ్చి కూచుని ఉన్నాడు.

*

నున్నగా గడ్డం గీసుకుని, ఒళ్లో తోలుసంచీ పెట్టుకుని కూచున్నాడు హోటల్ మేనేజరు. ఆయన ముందున్న టీ తాగక మీగడ కట్టింది. పక్కన చిన్నోడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అత్తగారు గోడవైపు తిరిగి ఉంది.

పెద్ద మాస్టారు చేతిలో కాగితం ఉంది. మడత లేని కాగితం, కింద నల్ల ముద్ర. పెద్దకోడలు అడుగు ముందుకేసింది. ఆయన ఆమె వైపు చూడనైనా చూడకుండా కాగితాన్ని మేనేజరుకిచ్చాడు.

"ఉన్నదున్నట్టు రాశానండీ. నాకు దాపరికం లేదు. చదువుకోండి."

మేనేజరు పైకే చదివాడు. ఆఫీసు కాగితాలు చదివి చదివి అలవాటైన గొంతు.

"మా దుకాణంలో తొమ్మిది సంవత్సరాలుగా కటింగ్ పని నా పెద్దకోడలే చేయుచున్నది. మీ హోటల్ వారి అరవై కోట్లను కూడా ఆమెయే కత్తిరించినది, జరిగిన పొరపాటు పూర్తిగా ఆమెది. ఇకమీదట కత్తెర ఆమె చేతికి ఇవ్వబోమని, మీ పని యావత్తూ నా చిన్నకుమారుడు స్వయంగా చూచుకొనునని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను."

మొదటి వాక్యం వింటున్నంతసేపూ పెద్దకోడలు ఊపిరి బిగబట్టింది. అచ్చం ఆమె గురువారం అడిగిన వాక్యమే. అక్షరం పొల్లు పోలేదు. మిగతా రెండు వాక్యాలూ చెవిలో పడ్డాక కూడా, అవి తన గురించేనని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

చేతిలో కోటు బరువెక్కింది.

"మామయ్యగారూ, ఇదేమిటి?"

"నువ్వడిగిందే కదా," అన్నాడాయన. "తొమ్మిదేళ్లు నువ్వే చేశావని రాయమన్నావు. రాశాను."

"ఈ అరవై నేను ముట్టుకోలేదు. మీకు తెలుసు."

"చూడమ్మా," అని ఆయన ఆమె వైపు వంగి మేనేజరుకి వినబడనంతగా గొంతు దించాడు, చంటిపిల్లకి నచ్చజెబుతున్నట్టు. "ఆడమనిషి తెలీక చేసిందంటే ఎవరైనా సరేలే పోనీలే అంటారు. కొత్త మాస్టరే పాడు చేశాడంటే రేపట్నుంచి ఈ గుమ్మం తొక్కేవాడుండడు. ఏడాది పొడుగునా హోటల్ పని వాడి పేరుమీద రాసుకోబోతున్నాం. ఇంటి కోసం ఒక్క మాట పడలేవా?"

"పడడం నాకు కొత్త కాదు. సంతకంతో పడడమే కొత్త," అంది ఆమె.

కాజాలావిడ పీట మీద నుంచి లేచి నిలబడింది. "నేను శుక్రవారం ఇక్కడే ఉన్నానయ్యా..." అని మొదలుపెట్టబోతే, "నీ పని నువ్వు చూసుకో. లేదా రేపట్నుంచి రాకు," అన్నాడు చిన్నోడు. ఆవిడ నోట మాట నోటనే ఆగిపోయింది. ఇంట్లో మంచానపడ్డ మొగుడున్నాడు. ఒక పూట కూలి పోవడం వేరు, కూలే పోవడం వేరు. ఆవిడ మెల్లగా కూచుంది.

మేనేజరు విసుగ్గా గడియారం చూసుకున్నాడు. "నాకు మీ ఇంటి గొడవలొద్దు. బట్ట మాది. పాడు చేసిందెవరో మా ఓనరుకి చెప్పాలి. ఏమ్మా, తొమ్మిదేళ్లుగా కటింగ్ చేసేది మీరేనా, కాదా?"

"నేనే."

"మరింకేం?"

"ఆ తొమ్మిదేళ్లూ నావే సార్. ఈ అరవై నావి కావు. కావాలంటే చూపిస్తాను."

ఆమె లోపలికి వెళ్లి వీపు ముక్కల దొంతర ఒకటి, గురువారానికి ముందు తను కత్తిరించిన పాత ఆర్డరు దొంతర ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఎనిమిది పొరలు కలిపి కత్తిరిస్తే పై పొర కాస్త జరుగుతుంది. కుడిచేత్తో కత్తిరిస్తే ఒకవైపుకి, ఎడమచేత్తో కత్తిరిస్తే ఇంకోవైపుకి. నాది ఎడమచెయ్యి సార్. ఈ దొంతర చూడండి, తరవాత ఇది చూడండి."

మేనేజరు వంగి చూశాడు. ఒకటి చూశాడు, రెండోది చూశాడు. ఆయనకి రెండూ బట్టల దొంతర్లే. మొహం అయోమయంగా పెట్టి గదిలో చుట్టూ చూసి, చివరికి తెర దగ్గర నిలబడ్డ మనిషిని పట్టుకున్నాడు.

"మాస్టరు గారూ, నాకీ పని తెలీదు. మీకు తెలుసు. మీ తమ్ముడూ, మీ ఆవిడా. ఎవరికీ పక్షం లేకుండా చెప్పండి. ఇది ఎవరు కత్తిరించారు?"

భర్త ముందుకొచ్చాడు. వెనక్కి కట్టుకున్న చేతులు విప్పక తప్పలేదు. వణికే వేలిని దొంతర అంచు మీద ఆనించి ఒక మూల నుంచి ఇంకో మూలకి నడిపాడు. ఆమెకి ఈ పని నేర్పింది ఆయనే. ఆమె కత్తిరించిందేదో, కానిదేదో కళ్లు మూసుకుని చెప్పగలడు.

చెబుతాడని ఆమె నమ్మింది. నిజంగా నమ్మింది. నువ్వెళ్తే నాకు భయం అన్న మనిషి, గంటన్నా కాలేదు అలా అని.

ఆయన తండ్రి వైపు చూశాడు. తమ్ముడి వైపు చూశాడు. దొంతర్ని బల్లమీద సర్దిపెట్టాడు.

"మా ఆవిడే," అన్నాడు. "మా ఆవిడే కత్తిరించింది."

తొమ్మిదేళ్లలో ఎందరో కోట్లు తొడుక్కుని అద్దం ముందు తిరిగారు, ఎంత బాగా కుదిరిందో అన్నారు. అప్పుడెప్పుడన్నా ఈ మాట ఆ నోటినుంచి వస్తుందేమోనని తెర వెనక నిలబడి ఎదురుచూసిన రోజులున్నాయి. బయటి మనిషి ముందు ఆయన ఆ మాట అనడం ఇదే మొదలు.

అత్తగారు గోడవైపే తిరిగి ఉంది. ఆవిడ భుజాలు మాత్రం ఒకసారి కదిలాయి.

"ఏమండీ," అంది పెద్దకోడలు. "ఇంకోసారి అనండి. నా మొహం చూసి అనండి."

ఆయన తలెత్తాడు. ఆమె అనుకున్నట్టు చూపు తిప్పుకోలేదు.

"నువ్వే కత్తిరించావు," అన్నాడు.

చేతులు ఎప్పట్లాగే వణుకుతున్నాయి. గొంతు మాత్రం వణకలేదు.

మేనేజరు నిట్టూర్చి సంచీలోంచి పెన్ను తీశాడు. మూత విప్పి, కాగితం ఆమె వైపు తిప్పి పెట్టాడు. "మాస్టరే చెప్పాక ఇంకేముందమ్మా. కింద మీరూ ఒక సంతకం పెట్టండి. కేసులూ గీసులూ పెట్టించను, నేను ఓనరుకి సర్దిచెప్పుకుంటాను."

ఆమె కోటుని కుర్చీ వీపు మీద వేసింది. పెన్ను అందుకుంది. మామగారు కుర్చీలో వెనక్కి వాలాడు.

కాగితం మీదికి వంగి మొదటి వాక్యం మరోసారి చదువుకుంది. పెన్ను కిందికి, ముద్ర దగ్గరికి పోలేదు. రెండో వాక్యం పక్కన ఉన్న ఖాళీలో ఆగింది. రాయడం మొదలుపెట్టింది.

"సంతకం అక్కడ కాదమ్మా, కింద," అన్నాడు మేనేజరు.

"ఈ అరవై నేను కత్తిరించినవి కావు" అని మొదటి వరుస. ఆమె రాస్తూనే ఉంది.

"ఏం రాస్తున్నావ్?" పెద్ద మాస్టారు ముందుకి వంగాడు. "ఏయ్, ఏం రాస్తున్నావ్?"

చిన్నోడు రెండంగల్లో బల్ల దగ్గరికొచ్చి కాగితం లాగబోయాడు. కత్తిరించేటప్పుడు బట్ట జరక్కుండా పట్టుకున్నట్టు ఆమె కుడి అరచెయ్యి కాగితాన్ని బల్లకి అదిమి పట్టింది. ఎడమచెయ్యి రెండో వరుసలోకి దిగింది.